ఏసీని టన్నుల్లో కాదు, వాట్లలో అమ్మించండి

సంపాదకులకు నమస్కారం.

ఎండలు మొదలయ్యాయో లేదో, మీ పత్రిక మొదటి పేజీ నిండా ఏసీల ప్రకటనలు వస్తున్నాయి. ధర వేలెడు లావు అంకెల్లో ఉంటుంది, నెల వాయిదా దాని కింద, ‘1.5 టన్’ అన్న మాట ఓ మూల. ఆ యంత్రం గదిలోంచి ఎంత వేడి లాగుతుందో చెప్పే అంకె మాత్రం భూతద్దం పెట్టి వెతికినా కనబడదు. కొట్టులోనూ అంతే. “ఆయ్, టన్నున్నర వేసేసుకోండి మేడమ్, మరి చూసుకోక్కర్లేదు” అంటాడు అబ్బాయి. నేను కూడా చూసుకోలేదు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని, చూసుకోకపోవడం నాదే తప్పు.

టన్ను అన్నది ఐసు నాటి లెక్క. నరసాపురం, భీమవరం వైపు చేపల లారీల్లో ఐసు దిమ్మలు కొట్టి నింపడం చూసినవాళ్ళకు తేలిగ్గా అర్థమవుతుంది. 907 కిలోల ఐసు ఒక రోజంతా కరుగుతూ పీల్చుకునే వేడి ఎంతో, అంత వేడిని లాగగలిగితే అది ఒక టన్ను ఏసీ. వాట్లలో చెబితే 3,517. ఆ లెక్కన టన్నున్నర అంటే 5,275 వాట్లు ఉండాలి. మా మేడ మీద గదిలో పెట్టిన ‘టన్నున్నర’ ఏసీ స్టార్ లేబుల్ మీద ఉన్నది 4,750. పదో వంతు తరుగు. ఇది మోసమని అనను, లేబుల్ మీద అచ్చు వేసే అమ్మారు. బియ్యం బస్తాలో పదో వంతు తగ్గితే మాత్రం మనం ఊరుకుంటామా?

ఆ లేబుల్‌లో ఇంకో తిరకాసు ఉంది. మా పక్కింటి ఆయన 4,750 అన్న అంకె చూసి, “గంటకు అయిదు యూనిట్లు లాగేస్తుందేమోనండీ” అని కంగారు పడ్డారు. అది కరెంటు వాట్లు కాదు, బయటికి తోసే వేడి తాలూకు వాట్లు. అంత వేడిని తోయడానికి కరెంటు పధ్నాలుగు వందల వాట్లు చాలు. ఏసీ చలిని పుట్టించదు, లోపలి వేడిని మోసుకెళ్ళి బయట పారబోస్తుంది, అంతే. స్నానాల గదిలో గీజర్ అలా కాదు. అది రెండు వేల వాట్ల కరెంటు తీసుకుని రెండు వేల వాట్ల వేడే ఇస్తుంది, పావలా లాభం లేదు. వేడి కూడా ఇచ్చే ‘హాట్ అండ్ కోల్డ్’ ఏసీ వేడినిచ్చేటప్పుడు మళ్ళీ మోత పనే చేస్తుంది కాబట్టి గీజరు కన్నా పొదుపే. కానీ దాన్ని పాలకొల్లులో నాకు అంటగట్టబోయారు! మా సంక్రాంతి చలికి భోగిమంట చాలు.

అసలు గొడవ చెమ్మతో. ఏసీ సామర్థ్యం కొలిచేటప్పుడు బయట 35 డిగ్రీలు, లోపల 27 డిగ్రీలు ఉంచుతారు. గదిలో తేమ సగానికి కాస్త తక్కువే. ఇక్కడ రోహిణి కార్తెలో బయట నలభై దాటిన రోజులుంటాయి, అప్పుడు లేబుల్ మీద ఉన్నన్ని వాట్లు రావు. ఇక కాలువలు నిండి, చుట్టూ చేలూ చెరువులూ ఉన్న జూలైలో మన గాలిలో తేమ ఎంతుంటుందో ఆరేసిన బట్టలనడగాలి. కిందటేడు ఓ రాత్రి డ్రెయిన్ పైపు కింద బకెట్టు పెట్టి కొలిచాను. గంటకు లీటరున్నర నీళ్ళు. లీటరు తేమను నీరుగా మార్చడానికి సుమారు 680 వాట్-అవర్లు పోతాయి. అంటే గంట గంటకూ వెయ్యి వాట్ల పైచిలుకు సామర్థ్యం ఆ బకెట్టులోకే పోయింది. మిగిలినదే గదిని చల్లబరిచింది.

ఇలా అంటే “అయితే పెద్దది కొనండి” అంటారు. మా అబ్బాయికి అలాగే చెప్పారు. వాడిది కింద, కొబ్బరిచెట్ల నీడన ఉన్న పది బై పదకొండు గది, టన్ను సరిపోయేది. రెండు టన్నులది, అదీ ఇన్వర్టర్ లేనిది, అంటే అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం తగ్గించుకోలేనిది అమ్మారు. పది నిమిషాల్లో గది చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది, తేమ లాగే వ్యవధి దానికి ఉండదు. ఒళ్ళు చల్లగానే ఉంటుంది, దిండు మాత్రం చెమ్మ వాసన. గది కొలత, పైన శ్లాబు ఉందా, పడమటి గోడ ఎండకు కాగుతుందా అని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. పెద్దది అమ్మితే బేరం పెద్దది కదా.

లేబుల్ మీది చుక్కల (స్టార్ల) సంగతీ చెప్పాలి. అయిదు చుక్కలంటే సామర్థ్యం ఎక్కువని చాలామంది నమ్మకం. చుక్కలు చెప్పేది కరెంటు పొదుపే. ఆ కొలత పేరు ఐఎస్‌ఈఈఆర్: ఏడాదిలో తోసిన వేడిని ఖర్చయిన కరెంటుతో భాగిస్తే వచ్చే అంకె. హద్దులు అప్పుడప్పుడూ బిగిస్తుంటారు, 2022 జూలైలో అలాగే బిగించారు. కాబట్టి పాత సరుకు మీది అయిదు చుక్కలూ కొత్తదాని మీది అయిదు చుక్కలూ ఒకటి కావు. లేబుల్ ఏ ఏటి నుంచి ఏ ఏటిదాకా చెల్లుతుందో దాని మీదే ఉంటుంది. ఏడాది యూనిట్లంటూ వేసేది 1,600 గంటల వాడకానికి. మార్చి నుంచి అక్టోబరు దాకా రాత్రి ఎనిమిదేసి గంటలు వేసే మా ఇంట్లో అది 1,960 గంటలు. బిల్లు చూసి విద్యుత్తు శాఖను తిట్టే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

నేను కోరేది పెద్ద సంస్కరణేమీ కాదు. ఈ చుక్కల లేబుళ్ళు చూసే కేంద్ర సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వాళ్ళు కొట్టుల్లోని ధర చీటీ మీదా ప్రకటనల్లోనూ వాట్ల అంకెను టన్ను పక్కనే, అంతే సైజులో వేయాలని నిబంధన పెట్టాలి. గంటకు ఎంత తేమ తీస్తుందో కూడా లేబుల్ మీద చేరిస్తే కోస్తా జిల్లాలవాళ్ళకు మేలు. ఢిల్లీలో అది తేలేలోగా మీరు చేయగలిగింది ఒకటుంది. మొదటి పేజీ అమ్మేటప్పుడు, ఆ ఒక్క అంకె లేని ఏసీ ప్రకటనను వెనక్కి పంపండి.

ఇట్లు,
ఒక విశ్రాంత సైన్సు ఉపాధ్యాయిని,
పాలకొల్లు