విన్ స్కల్లీ గురించి రాయండి

సంపాదకుడి గారికి నమస్కారం.

తెలుగులో క్రికెట్ కామెంటరీ వినేవాళ్లు బాగా పెరిగారు కాబట్టి, అమెరికా బేస్‌బాల్ వ్యాఖ్యాత విన్ స్కల్లీ గురించి మీ క్రీడా పేజీలో ఒక మంచి వ్యాసం వేయమని కోరుతున్నాను. 1950లో బ్రూక్లిన్ డాడ్జర్స్ ఆటలకు మైకు పట్టారు. 1958లో జట్టు లాస్ ఏంజెలెస్‌కు మారితే తానూ వెళ్లారు. 2016 దాకా, 67 సీజన్లు, ఒకే జట్టు! స్టేడియంలో ఆట కళ్లారా చూస్తున్నవాళ్లు కూడా ట్రాన్సిస్టర్లు తెచ్చుకుని ఆయన మాటలు వినేవారట.

నాకు మరీ నచ్చేది ఆయన ఊరుకోవడం. 1974 ఏప్రిల్ 8న అట్లాంటాలో హ్యాంక్ ఆరన్ 715వ హోమ్ రన్ (మన సిక్స్ లాంటిది) కొట్టి పాతతరం దిగ్గజం బేబ్ రూత్ రికార్డు దాటినప్పుడు, బంతి వెళ్లిపోయిందని చెప్పి మాట ఆపేశారు. జనం హోరు విననిచ్చారు. ఆ తర్వాతే, దక్షిణాది రాష్ట్రంలో ఒక నల్లజాతి ఆటగాడికి జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారని చెప్పారు. వర్ణవివక్ష రాజ్యమేలిన ఆ నేల మీద అది ఎంత పెద్ద మాట!

మన దగ్గర సిక్స్ పడితే చాలు, కామెంటరీ బాక్సులో అందరూ ఒకేసారి అరుస్తున్నారు. స్టేడియం చప్పుడు మన చెవిన పడనే పడదు. స్కల్లీ 2022లో 94 ఏళ్ల వయసులో కన్నుమూసినా ఆయన రికార్డింగులు దొరుకుతున్నాయి. కొత్త వ్యాఖ్యాతలకు శిక్షణ ఇచ్చేవారు వాటిని తప్పక వినిపించాలి.

– ఒక పాఠకుడు, గుంటూరు