తెల్లకాగితానికి ఉన్న విలువ పహాణీకి ఎందుకు లేదు?

సంపాదకులకు నమస్కారాలు.

దక్షిణ తెలంగాణ వెనుకబాటుకు ఇక్కడి ప్రజల మనస్తత్వమే మూలమని, కొత్తదంటే భయం, ఆఫీసంటే బెరుకు, ఎవరినీ నమ్మని గుణం పోనంతవరకు ఎన్ని పథకాలు పెట్టినా ఈ నేల బాగుపడదని వాదిస్తూ మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. దేవరకొండ ప్రాంతంలో ముప్పై ఏళ్లకు పైగా సాంఘిక శాస్త్రం బోధించి, ఇప్పుడు ఉన్న కొద్దిపాటి పొలం చూసుకుంటున్న నేను ఆ వాదనను ఒప్పుకోలేకపోతున్నాను. వ్యాసకర్త చూసిన బెరుకు నిజమే. అది ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ఆయన అడగలేదు.

1968లో మా నాన్న పక్క పొలం ఆయన దగ్గర 2 ఎకరాల 10 గుంటలు కొన్నారు. రిజిస్ట్రేషన్ లేదు. ఒక తెల్లకాగితం, దాని మీద రెవెన్యూ స్టాంపు, అమ్మినాయన వేలిముద్ర, నాలుగు దిక్కుల హద్దులు, ఇద్దరు సాక్షుల సంతకాలు, అంతే. మడతల దగ్గర చినిగితే మా అమ్మ వెనుక బట్టపీలిక పెట్టి అన్నం మెతుకులతో అంటించింది. ఆ సాదాబైనామా ఇప్పటికీ మా ట్రంకుపెట్టెలో ఉంది. పట్టాదారు కాలమ్‌లో అమ్మినాయన పేరు, కాస్తు (సాగు) కాలమ్‌లో మా నాన్న పేరు, ఇలా దాదాపు యాభై ఏళ్లు పహాణీ, అంటే భూమి ఎవరిది, దున్నేది ఎవరు అని ఏటా రాసే రెవెన్యూ దస్త్రం, నడిచింది. 2017లో మొదలైన భూరికార్డుల ప్రక్షాళనతో కొత్త పాసుపుస్తకాల్లోనూ, తర్వాత 2020లో వచ్చిన ధరణి ఆన్‌లైన్ భూరికార్డుల్లోనూ కాస్తు కాలమే లేకుండా పోవడంతో, దున్నేది మేమైనా కాగితం మీద రైతు మాత్రం అమ్మినాయన మనవడయ్యాడు. 2018 వానాకాలానికి రైతుబంధు పెట్టుబడి సాయం చెక్కులు పంచినప్పుడు ఎకరానికి 4,000 చొప్పున మా భూమి చెక్కు అతని పేరునే వచ్చింది. మూడో రోజు అతను మా ఇంటికి వచ్చి, ‘సారూ, ఇవి మీవి’ అని 9,000 రూపాయలు నా చేతిలో పెట్టి, చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత డబ్బు ఖాతాలో పడడం మొదలైనా అతను ఎగ్గొట్టింది లేదు.

సర్కారు దస్త్రం తప్పు చెబుతున్న చోట ఒక మనిషి మాట నిజాన్ని నిలబెడుతోంది. మా సంస్కృతి ఇదే అయితే అందులో తలవంచుకోవలసింది నాకేమీ కనిపించదు. అయితే ఆ మాట మా ఊరి పొలిమేర దాటదు. బ్యాంకు మేనేజరు దాన్ని చూసి పంట రుణం ఇవ్వడు కాబట్టి, బోరు వేయించడానికి నేను నూటికి రెండు రూపాయల మిత్తికి ఊళ్లోనే అప్పు తెచ్చాను. అమ్ముదామన్నా అమ్మలేను. అమ్మినాయన మనవడి కొడుకులు హైదరాబాద్‌లో ఉంటారు, వాళ్లకు నేనెవరో తెలియదు. తెలిసినవాళ్ల మధ్యే తిరిగే డబ్బు కొంత దూరమే పోతుంది. ముక్కూమొహం తెలియనివాడితో కూడా ధైర్యంగా బేరం చేయాలంటే నడుమ నమ్మదగిన దస్త్రం, అది తప్పితే వినే కచేరీ ఉండాలి. ఇలాంటి సంస్థలు, అంటే దస్త్రం, కచేరీ, చట్టం వంటివి, ఎలా ఏర్పడతాయి, దేశాల సంపదను అవి ఎలా నిర్ణయిస్తాయి అన్న పరిశోధనకే 2024లో డారన్ ఏస్‌మోగ్లు, సైమన్ జాన్సన్, జేమ్స్ రాబిన్సన్‌లకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు.

ఆ నమ్మకం ఇక్కడ ఎందుకు కుదరలేదో చరిత్ర చెబుతుంది. నిజాం రాజ్యంలో సుమారు 40 శాతం భూమి జాగీర్ల (నిజాం తనవాళ్లకు ఇచ్చిన ఊళ్ల) కింద, సర్ఫేఖాస్ (నిజాం సొంత భూముల) కింద ఉండేది. మిగిలిన దివానీ (సర్కారే శిస్తు వసూలు చేసే) ఊళ్లలో దేశ్‌ముఖ్‌ల పెత్తనం, వెట్టి. దస్త్రం పట్వారీ ఇంట్లో ఉండేది, కచేరీ భాష ఉర్దూ. తాతలనాటి నుంచి దున్నుతున్న చెలక భూమి కొలిచి శిస్తు కట్టే సెటిల్‌మెంటులో దొర పేరున ఎక్కిందని తెలిసినా రైతు చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. జాగీర్లు 1949 ఆగస్టులో రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది; వంశపారంపర్య పటేల్, పట్వారీ పదవులు మాత్రం 1984 దాకా కొనసాగాయి. అంటే ఇప్పుడు యాభై దాటిన చాలామంది, పట్వారీ అరుగు కింద చెప్పులు విడిచి నిలబడిన తండ్రిని చిన్నప్పుడు కళ్లారా చూసినవాళ్లే. వాళ్లు ఎమ్మార్వో ఆఫీసుకు ఒంటరిగా పోకుండా తెలిసినవాణ్ని వెంటబెట్టుకుని పోతే దాన్ని మనస్తత్వ లోపమని రాయడం అన్యాయం. బ్రిటిష్ పాలనలో జమీందార్ల ద్వారా శిస్తు వసూలు చేసిన జిల్లాలు స్వాతంత్ర్యం వచ్చిన దశాబ్దాల తర్వాత కూడా పంట దిగుబడిలో, బడుల్లో, వైద్యంలో మిగతా జిల్లాల కంటే వెనుకబడి ఉన్నాయని అభిజిత్ బెనర్జీ, లక్ష్మీ అయ్యర్ 2005లో తేల్చారు. నిజాం రాజ్యం వాళ్ల లెక్కలో లేదు గానీ, జమీందారు అన్న చోట దొర అని పెట్టుకుని చదివితే మాకు కొత్తగా అర్థం కావలసింది పెద్దగా ఉండదు.

చదువు సంగతీ అంతే. నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంస్థ ఆంధ్ర మహాసభ రెండో సభ 1931లో మా దేవరకొండలోనే, పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా బిడ్డ బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన జరిగింది. సభ పెట్టుకోవడానికే సర్కారు అనుమతి కావలసిన రోజుల్లో ఆ మహాసభ మాతృభాషలో చదువులు, గ్రంథాలయాలు కోరింది. ఇక్కడివాళ్లకు చదువంటే ఆసక్తి లేదనేవారు ఆ చరిత్ర ఒకసారి తిరగేయాలి. ఎనభై ఏళ్ల తర్వాత, 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తంలో అక్షరాస్యత అతి తక్కువ ఉన్న జిల్లా మహబూబ్‌నగర్, 55 శాతం. ఆ అంకెలో నిజాం వాటా ఎంతో, 1948 తర్వాత 63 ఏళ్లు ఏలినవారి వాటా ఎంతో పంచి చెప్పడం కష్టం. రెండోది చిన్నది కాదని మాత్రం నా అభిప్రాయం.

సోమరితనం మాట కూడా వ్యాసంలో ఉంది. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా తట్టా పారా పట్టిన పాలమూరు కూలీ గురించి ఆ మాట ఎలా రాయగలిగారో తెలియదు. మేస్త్రీ ముందుగా ఇచ్చే అడ్వాన్సుతో మొదలై, లెక్క ఎప్పటికీ తేలని ఆ పనిలోని దోపిడీని అరికట్టడానికి 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం, 1979లో వలస కార్మికుల చట్టం వచ్చాయి. చట్టం వచ్చిన సంగతి మేస్త్రీకి తెలిసినంత కూలీకి తెలియలేదు.

అన్నీ సంస్థల మీదకే నెట్టడమూ నా ఉద్దేశం కాదు. మా పక్కనే నందికొండ దగ్గర కట్టిన నాగార్జునసాగర్ నీళ్లు 1967 నుంచి ఎడమ కాల్వ గుండా మిర్యాలగూడ వైపు పారాయి, అక్కడ రైసుమిల్లులు లేచాయి. మెట్టన ఉన్న మేము వానమొగులు చూస్తూ కూర్చున్నాం. నేల ఎత్తుపల్లాలకూ తన వంతు ఉంది. అయితే మిర్యాలగూడ వాళ్లదీ మాదీ ఒకే భాష, అవే పండుగలు, ఒకే జిల్లా. మనస్తత్వమే కారణమైతే ఆ మిల్లులు అక్కడా లేవకూడదు.

2025లో ధరణి పోయి భూభారతి వచ్చింది. నేనూ సాదాబైనామా నకలు జతచేసి మళ్లీ అర్జీ పెట్టుకున్నాను, రసీదు ఇచ్చారు, జవాబు రాలేదు. ప్రభుత్వాన్ని నేను కోరేది ఒకటే: ఏటా వానాకాలం పంట వేశాక ప్రతి ఊరి గ్రామసభలో పహాణీని సర్వే నంబరు వారీగా, పట్టాదారు ఎవరు, దున్నుతున్నది ఎవరు అని పైకి చదవాలి. ఎవరైనా కాదంటే ఆ మాటను అక్కడే రాసుకోవాలి, రాసుకున్న కాగితం మీద అధికారి సంతకం చేసి నకలు ఇవ్వాలి. మా నంబరు చదివిన రోజున అమ్మినాయన మనవడు లేచి నిలబడి ‘ఆ భూమి సారుది’ అని చెబుతానని ఇప్పటికే నాతో అన్నాడు. అతనికి అరవై ఐదు దాటాయి, కాబట్టి ఆ పని తొందరగా కావాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా