లక్సర్‌లో ఒక్క రోజు: ఏ మూడు సమాధులో ముందే తేల్చుకోండి

సంపాదకులకు నమస్కారం.

ఈజిప్టు యాత్ర గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలూ, ట్రావెల్స్ వాళ్ల కరపత్రాలూ ఒకటే మాట చెబుతున్నాయి: లక్సర్‌లో రాజుల లోయ (ప్రాచీన రాజుల సమాధులున్న చోటు), రాజ్యమేలిన రాణి హత్‌షెప్సుత్ ఆలయం, మెమ్నాన్ విగ్రహాలు, కర్నాక్ ఆలయాలు, లక్సర్ ఆలయం, అన్నీ ఒక్క రోజులో, గైడుతో సహా. చూడొచ్చు, అబద్ధం కాదు. కానీ ఏ వేళకు ఎక్కడ ఉంటామో, టికెట్టు దేనికి చెల్లుతుందో, దేనికి చెల్లదో ఎవరూ రాయరు. అంత దూరం వెళ్లే పాఠకులకు ముందుగా తెలియాల్సింది అదే కాబట్టి ఈ ఉత్తరం.

మొదట చూసుకోవాల్సింది ఎక్కడి నుంచి బయలుదేరుతున్నామన్నది. ఎర్ర సముద్రం ఒడ్డున ఉన్న హుర్ఘడా నుంచి అమ్మే ‘లక్సర్ డే టూర్’లో పోను నాలుగు గంటలు, రాను నాలుగు గంటలు బస్సులోనే పోతాయి. తెల్లవారుజామున బయలుదేరినా లోయకు చేరేసరికి ఎండ ముదురుతుంది, అప్పటికే జనం కిక్కిరిసి ఉంటారు. వీలైతే ముందు రాత్రి లక్సర్‌లోనే బస చేయాలి. రాజుల లోయ ఉదయం 6 గంటలకు తెరుస్తారు. ఆ మొదటి రెండు గంటలు రోజు మొత్తానికీ విలువైనవి.

ఊరు, హోటళ్లు ఎక్కువగా నైలుకు తూర్పు ఒడ్డున ఉంటాయి. సమాధులేమో పడమటి ఒడ్డున. వంతెన ఊరికి దక్షిణాన దూరంగా ఉండటంతో కారులో చుట్టి రావడానికి ముప్పావు గంట దాకా పడుతుంది. లక్సర్ ఆలయం దగ్గరి రేవులో పడవెక్కి, అవతలి ఒడ్డున కారు సిద్ధంగా ఉంచమని గైడుకు ముందే చెబితే ఆ తిరుగుడు చాలావరకు తప్పుతుంది.

ఇక టికెట్ల సంగతి. లోయలో 60కి పైగా సమాధులకు అంకెలు వేశారు. వాటిలో తెరిచి ఉంచేవి కొన్నే, అవి కూడా విడతలవారీగా మారుతుంటాయి. మామూలు టికెట్టు మీద మూడు సమాధులు చూడొచ్చు. టుటన్‌ఖామున్, మొదటి సేతి, ఐదు–ఆరవ రామెసెస్‌ల సమాధులకు వేరే టికెట్లు కొనాలి. ‘టికెట్లన్నీ కలిపే’ అని చెప్పే టూర్లలో ఈ మూడూ సాధారణంగా ఉండవు. లోపలికి వెళ్లాక మనసు మారితే టికెట్ల కౌంటరు దాకా వెనక్కి రావాలి. చాలా కౌంటర్లలో కార్డు తప్ప నగదు తీసుకోవడం లేదు. విదేశీ చెల్లింపులకు పనికొచ్చేలా కార్డును ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుని వెళ్లండి. నగదుగా చిన్న ఈజిప్టు పౌండు నోట్లు కొన్ని చాలు.

గుంపుగా వెళ్లినవాళ్లను దారికి దగ్గరగా ఉన్న మూడు సమాధుల్లోకి తోలేసి, ‘అయిపోయింది’ అనిపించడం అక్కడ రివాజు. నన్నడిగితే ఒక్కో తీరుది ఒక్కోటి ఎంచుకోవాలి. ఎక్కగలిగినవారు మూడవ థుత్మోస్ సమాధితో మొదలుపెట్టాలి. కొండ చీలికలో ఎత్తున ఉంటుంది. ఇనప మెట్లెక్కి, మళ్లీ నిటారుగా లోపలికి దిగాలి. దారి మధ్యలో మలుపు తిరుగుతుంది, అది పద్దెనిమిదో రాజవంశపు సమాధుల తీరు. చివర్లో కోడిగుడ్డు ఆకారంలో గది ఉంటుంది. దాని గోడల మీద సూర్యుడు రాత్రి 12 గంటలూ పాతాళంలో చేసే ప్రయాణాన్ని సన్నటి గీతల బొమ్మలతో రాశారు. పేపిరస్ చుట్టను విప్పి గోడకు పరిచినట్టే ఉంటుంది. లోపల ఉక్క ఎక్కువ. గుండెజబ్బు, ఆయాసం, మోకాళ్ల నొప్పులు ఉన్నవారు దీని జోలికి పోవద్దు. వారికి నాలుగవ రామెసెస్ సమాధి సరైనది. ప్రవేశానికి దగ్గర, దారి వెడల్పు, దిగుడు తక్కువ. గోడలూ కప్పూ నిండా బొమ్మలే. మూడోదిగా మూడవ రామెసెస్ సమాధి తెరిచి ఉంటే వదలొద్దు. తిన్నగా సాగాల్సిన దారి అక్కడ ఒకచోట హఠాత్తుగా పక్కకు జరుగుతుంది. తవ్వుతూ తవ్వుతూ పక్కనున్న అమెన్‌మెస్సె సమాధిలోకి చొచ్చుకుపోయారు, అందుకని పక్కకు తప్పుకుని మళ్లీ ముందుకు తవ్వారు. మూడు వేల ఏళ్ల నాటి పనివాళ్ల పొరపాటు, దాని దిద్దుబాటు కళ్లముందే కనిపిస్తాయి.

టుటన్‌ఖామున్ సమాధి విషయంలో చాలామంది నిరాశపడతారు. 1922 నవంబరులో బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు హోవర్డ్ కార్టర్ బయటపెట్టిన ఈ సమాధి చాలా చిన్నది. రంగులు వేసింది ఒక్క గదికే. బంగారు ముసుగు అక్కడ ఉండదు. సమాధిలో దొరికిన 5 వేలకు పైగా వస్తువులకు ఇప్పుడు కైరో పక్కనున్న గిజాలో 2025 నవంబరులో పూర్తిగా తెరిచిన గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియమే నెలవు. ఆ కుర్రరాజు దేహం మాత్రం సమాధిలోనే, గాజు పెట్టెలో ఉంది. దాన్ని చూడాలనుకునేవారే ఆ టికెట్టు కొనాలి. బొమ్మల కోసమైతే అదనపు టికెట్టు ఆరవ రామెసెస్ సమాధికి పెట్టడం మేలు. శవపేటిక గది కప్పు మీద ఆకాశదేవత నూత్ దేహం రెండుసార్లు, పగటికొకటి, రాత్రికొకటి, సాగి ఉంటుంది. టుటన్‌ఖామున్ సమాధి వాకిలి దొంగల కంటపడకుండా ఉండటానికి ఈ సమాధి కూడా ఒక కారణం. దీన్ని తవ్విన కాలపు రాళ్లూ, పనివాళ్ల గుడిసెలూ ఆ వాకిలిని పూర్తిగా కప్పేశాయి.

సమాధుల లోపల గైడు మాట్లాడకూడదు. గుంపు మధ్యలో ఆగితే వెనకవాళ్లకు ఊపిరాడదు, అందుకే ఈ నియమం. కాబట్టి బయటి పటం దగ్గరే ప్రతి సమాధి గురించీ ఐదు పది నిమిషాలు చెప్పించుకుని, ఏ గోడ మీద ఏముందో గుర్తుపెట్టుకుని దిగాలి. ఫోనుతో ఫొటోలు తీసుకోవచ్చు, ఫ్లాష్ వేయకూడదు. కాపలావాళ్లు తాడు దాటించి ‘ప్రత్యేకంగా’ చూపిస్తామని చెయ్యి చాపుతారు. దయచేసి ఒప్పుకోకండి. సమాధులు తొలిచిన సున్నపురాతిలో ఉప్పు ఉంది. తేమ తగిలితే అది కరిగి, ఆరేటప్పుడు గచ్చు వెనక స్ఫటికాలుగా పేరుకుని రంగును గోడ నుంచి బయటికి నెట్టేస్తుంది. రాణుల లోయలోని నెఫెర్తారి సమాధికి జరిగింది ఇదే. దాన్ని కాపాడటానికి ఈజిప్టు పురావస్తు శాఖ, గెటీ సంస్థ 1986 నుంచి 1992 దాకా పనిచేశాయి. తిరిగి తెరిచినప్పుడు రోజుకు 150 మందికి మించి లోపలికి రానివ్వలేదు. మన ఊపిరి, చెమట, చెప్పుల దుమ్ము, గోడకు ఆనే భుజం, అన్నీ కలిసే ఆ బొమ్మలను తినేస్తున్నాయి.

హత్‌షెప్సుత్ ఆలయం తూర్పు ముఖంగా, కొండను ఆనుకుని మూడు అంతస్తులుగా ఉంటుంది. నీడ బహు తక్కువ, పది దాటితే రాయి కళ్లు మిరుమిట్లు గొలుపుతుంది. రెండో అంతస్తులో పున్త్ అనే దేశానికి హత్‌షెప్సుత్ పంపిన ఓడల బొమ్మలు చూడండి. ఆమె రూపాన్ని తర్వాత ఉలితో చెక్కి చెరిపేసిన చోట మిగిలిన ఖాళీ ఆకారాన్ని కూడా గైడు చేత చూపించుకోండి. మెమ్నాన్ విగ్రహాలకు టికెట్టు లేదు, పది నిమిషాలు చాలు.

తర్వాత బండి చాలాసార్లు అలబాస్టర్ (పాలరాతిని పోలిన రాయి) దుకాణం ముందో, పేపిరస్ దుకాణం ముందో ఆగుతుంది. ముప్పావు గంట అక్కడే ఆవిరైపోతుంది. ఆ సమయాన్ని మెదినెత్ హబుకు ఇప్పించండి. మూడవ రామెసెస్ కట్టించిన ఆలయం అది. సముద్రం మీదుగా దండెత్తి వచ్చిన ‘సముద్రజాతుల’తో యుద్ధం, తెగిన చేతులను గుట్టపోసి లెక్కించే దృశ్యం లోతైన చెక్కడాలుగా ఉన్నాయి. రంగులు నేటికీ నిలిచిన స్తంభాలున్నాయి. దీని టికెట్టు ఆలయం దగ్గర అమ్మరు. మెమ్నాన్ విగ్రహాలు దాటాక దారిలో ఉన్న కౌంటరులో ముందే కొనుక్కోవాలి.

కర్నాక్‌ను మిట్ట మధ్యాహ్నం చూపించే టూరును ఒప్పుకోవద్దు. బయటి గోడల బొమ్మలను రాతిలోకి దించి చెక్కారు. వెలుగు ఏటవాలుగా పడితేనే అంచుల్లో నీడ పడి బొమ్మ తేలుతుంది. నడినెత్తిన సూర్యుడుంటే గోడ చప్పగా కనిపిస్తుంది. మధ్యాహ్నం మూడింటికి లోపలుంటే సరిపోతుంది, సాయంత్రం 5 ప్రాంతంలో మూసేస్తారు. 134 స్తంభాల మండపంలో నడిమి 12 స్తంభాలు 21 మీటర్ల ఎత్తు, పక్కవి వాటికన్నా పొట్టివి. ఆ ఎత్తుల తేడాలో రాతి జాలీ కిటికీలు పెట్టి మండపంలోకి వెలుగు తెచ్చారు. చీకటి పడ్డాక కూడా తెరిచి ఉండే లక్సర్ ఆలయాన్ని చివరికి ఉంచుకుంటే రోజు సరిగ్గా సరిపోతుంది.

మీ పత్రికకు ఒక మనవి. ఇకపై ఇలాంటి యాత్రల గురించి వేసేటప్పుడు నాలుగు ప్రశ్నలు పెట్టె కట్టి అచ్చువేయండి: లోయకు ఎన్నింటికి చేరుస్తారు, మూడు సమాధులు ఎవరు ఎంచుతారు, ఏ ప్రత్యేక టికెట్లు కలిసి ఉన్నాయి, దుకాణాల దగ్గర ఎన్నిసార్లు ఆపుతారు. డబ్బు కట్టే ముందే వీటికి రాతపూర్వకంగా జవాబు అడగమని పాఠకులకు చెప్పండి.

ఇట్లు,
ఒక పాఠకుడు