శనివారం షో ఎందుకు ఆపేశాను, మీ డబ్బులు ఎప్పుడిస్తాను

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో మా గిటార్ షాపుకీ, మేడ మీద ప్రాక్టీసు రూముకీ వచ్చే అందరికీ నమస్కారం. మినీ బైపాస్ దగ్గర ఫంక్షన్ హాల్లో పెట్టిన రాక్ షోని, మీరంతా వచ్చి కూర్చున్నాక ఆపేశాను. ఆ గోలలో కారణం సరిగ్గా చెప్పలేకపోయాను. మీకది తెలియాలి.

ముందు డబ్బుల సంగతి. ఫోన్‌పేలో కట్టినవాళ్లకి శుక్రవారం లోపు వెనక్కి వేస్తాను. నగదు ఇచ్చినవాళ్లు షాపుకొచ్చి తీసుకోండి. టికెట్ పారేసి ఉన్నా పర్వాలేదు, మీరెవరో నాకు తెలుసు.

ఇక జరిగింది. సౌండ్ అద్దెకిచ్చే ఆయనకి అడ్వాన్సు ఎప్పుడో ఇచ్చాను. ఏమేం కావాలో కాగితం మీద రాసిచ్చాను. డ్రమ్స్‌కే ఎనిమిది మైకులు: కిక్, స్నేర్, హైహ్యాట్, మూడు టామ్‌లు, సింబల్స్ పైన రెండు. స్టేజీ మీద వాయించేవాళ్లకి వినపడేందుకు మానిటర్లు. అన్నిటికీ సరే అన్నాడు. శ్రావణమాసం, పెళ్లిళ్ల గిరాకీ. శనివారం మధ్యాహ్నం ఎవరో ఎక్కువ అద్దె ఇస్తామంటే ఆ సెట్టు మొత్తం రిసెప్షన్‌కి పంపేశాడు. మాకు ట్రాలీ ఆటోలో ఊరేగింపుల్లో పెట్టే డీజే బాక్సులు, ఎనిమిది మైకులే పట్టే ఎనిమిది ఛానళ్ల పాత మిక్సర్ వచ్చాయి. మానిటర్ ఒక్కటీ లేదు. ఫోన్ చేస్తే, "అన్నా, మన నెల్లూరోళ్లకి బాక్సులు దద్దరిల్లితే చాలు గదా" అన్నాడు.

డబ్బు పోయినందుకు కాదు, ఆ మాటకి నాకు నిద్ర పట్టలేదు. ఒకప్పుడు బాలు గారి సొంతిల్లు ఉండిన ఊరికి పాట వినడం రాదా?

అయినా ఆపాలా వద్దా అని తేల్చుకోలేక నలిగిపోయాను. గూడూరు నుంచి, కావలి నుంచి పిల్లలు బస్సుల్లో వచ్చారు. ఒంగోలు బ్యాండ్ తమ్ముళ్లు "ఎట్టోగట్ట వాయించేద్దాం అన్నా" అని బతిమాలారు. ఒక పాట ప్రయత్నించాం కూడా. షో ముందే అనుకున్నదే అయినా, జూలై 22న బ్లాక్ సబ్బత్ బ్యాండ్ గాయకుడు ఓజీ ఆస్బోర్న్ పోయాక మూడు బ్యాండ్లూ కలిసి చివర్లో ఆ బ్యాండ్ పాటలు వాయించాలని సిద్ధమయ్యాయి. చనిపోవడానికి పదిహేడు రోజుల ముందు, పార్కిన్సన్స్ జబ్బుతోనే బర్మింగ్‌హామ్ విల్లా పార్క్‌లో కుర్చీలో కూర్చుని పాడిన మనిషాయన. బ్లాక్ సబ్బత్ గిటారిస్టు టోనీ అయోమీకి ఫ్యాక్టరీ ప్రమాదంలో కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఆయన ఎడంచేతి వాటం కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ కుడిచెయ్యే. అందుకే సన్న తీగలు వేసుకున్నాడు, 1971 నాటికి ట్యూనింగ్‌ని, అంటే తీగల శ్రుతిని, మూడు మెట్ల మేర దించేశాడు. ఆ బరువైన శబ్దం అలా వచ్చింది. మన కుర్రాళ్లు కూడా అలాగే దించి నేర్చుకున్నారు.

డీజే బాక్సుల్లో సరిగ్గా అదే చెడింది. అవి కింది శబ్దాన్నే ఎక్కువ చేసి చూపిస్తాయి. దించిన గిటార్, బేస్, కిక్ డ్రమ్ మూడూ కలిసి ముద్దయిపోయాయి. పాడేవాడి నోరు కదులుతోంది, మాట వినపడదు. వాయిస్ పెంచితే కీచుమని ఫీడ్‌బ్యాక్. మానిటర్ లేక డ్రమ్మర్‌కి గిటార్ వినపడక, బీటు తప్పి వెనక్కి తిరిగి చూశాడు. నేను వెంటనే చెయ్యెత్తి ఆపమన్నాను. ఆ హాల్లో చాలామంది రాక్‌ని ఎదురుగా వినడం అదే మొదటిసారి. రాక్ అంటే ఇంతేనా అనుకుంటూ వాళ్లని ఇంటికి పంపలేను. ఆపినందుకు తిట్టినవాళ్ల మీద నాకు కోపం లేదు. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ ఆపుతాను.

రిసెప్షన్ నుంచి సామాన్లు తొమ్మిదిన్నరకి తెస్తానని సౌండ్ ఆయన అన్నాడు. పదింటికల్లా స్పీకర్లు ఆపేయాలి. బిగించడానికే గంట పడుతుంది. ఇక మాట్లాడేదేముంది? అడ్వాన్సు ఇంకా తిరిగి రాలేదు, అయినా మీ టికెట్ డబ్బులు దానికోసం ఆగవు.

2011లో గుర్గావ్‌లో మెటాలికా షో కూడా జనం వచ్చాకే ఆగిపోయింది. స్టేజీ ముందు బ్యారికేడ్ సమస్య. అభిమానులు కోపంతో స్టేజీ మీద సామాన్లు విరగ్గొట్టారు. రెండు రోజులకి బెంగళూరులో అదే బ్యాండ్ వాయించింది. మన హాల్లో ఒక్క కుర్చీ కూడా విరగలేదు. మీ అందరికీ దండం పెడుతున్నాను.

ఇకపై సౌండ్ అద్దెకి తీసుకోను. దసరాకి కొత్త గిటార్లు తెప్పించడానికి దాచిన డబ్బుతో పదహారు ఛానళ్ల మిక్సర్, నాలుగు మానిటర్లు, రెండు స్పీకర్లు కొంటున్నాను. మా ఇంట్లో కూడా వద్దన్నారు, కానీ నిర్ణయం మారదు. కాబట్టి కొత్త అకౌస్టిక్ గిటార్లు అడిగినవాళ్లు కాస్త ఆగాలి. తీగలు, క్యాపోలు, స్టిక్స్ ఎప్పటిలాగే దొరుకుతాయి. క్లాసులు మారవు.

ఆగిన షో మళ్లీ వినాయక చవితి నిమజ్జనాలు అయ్యాక, మేడ మీద ప్రాక్టీసు రూములోనే. అవే మూడు బ్యాండ్లు, అవే పాటలు. రూము చిన్నది, అందుకే రెండు రోజులు పెడుతున్నాను. శనివారం వచ్చినవాళ్లకి టికెట్ లేదు, పేరు చెబితే చాలు. సాయంత్రం ఆరింటికే మొదలుపెట్టి తొమ్మిదిన్నరకి ముగిస్తాం, కావలి వెళ్లేవాళ్లకి బస్సు దొరుకుతుంది.