ఫిర్యాదు మూసేశారు, మానిటర్ మాత్రం వెలగలేదు

పాలకొల్లు,
పశ్చిమ గోదావరి జిల్లా.

కంపెనీ కస్టమర్ సర్వీస్ విభాగాధిపతి గారికి,

విషయం: వారంటీలో ఉన్న మానిటర్‌ను ఎవరూ చూడకుండానే నా ఫిర్యాదు పరిష్కారమైందని మూసేయడం గురించి.

అయ్యా,

నేను పాలకొల్లులో చిన్న డీటీపీ సెంటర్ నడుపుకుంటున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, పిల్లల ప్రాజెక్టు వర్కులు, ఇవే నా పని. మీ కంపెనీ మానిటర్ భీమవరంలో డీలర్ దగ్గర కొన్నాను. బిల్లు ఉంది, వారంటీ ఉంది. చెడిపోయింది. వస్తువన్నాక చెడిపోతుంది, దానికి నాకు కోపం లేదు. ఆ తర్వాత మీ వాళ్లు నన్ను చూసిన తీరుకే ఈ ఉత్తరం.

జబ్బేమిటో మొదటి ఫోన్‌లోనే వివరంగా చెప్పాను. ఆన్ చేస్తే రెండు మూడు సెకన్లు బొమ్మ వచ్చి స్క్రీన్ నల్లబడిపోతుంది. పవర్ లైటు వెలుగుతూనే ఉంటుంది. షాపులో లైట్లు తీసేసి సెల్‌ఫోన్ టార్చ్ ఏటవాలుగా పట్టుకుంటే, నేను తయారు చేస్తున్న శుభలేఖ మీద వినాయకుడి బొమ్మ, దాని కింద పెళ్లికూతురి పేరు మసగ్గా కనబడుతున్నాయి. అంటే లోపల బొమ్మ వస్తోంది, వెనకాల వెలుగు లేదు. బ్యాక్‌లైట్ ఎల్ఈడీలైనా, వాటికి కరెంటు ఇచ్చే సర్క్యూటైనా పోయి ఉంటుంది. కేబుల్ మార్చి చూశాను. మా తమ్ముడి ల్యాప్‌టాప్‌కి తగిలించి చూశాను. అదే వరస. మానిటర్ బటన్ నొక్కితే వచ్చే దాని సొంత మెనూ కూడా చీకట్లోనే ఉంది. ఆ మెనూ మానిటర్ లోపల తయారయ్యేది, దానికి కంప్యూటర్‌తో పని లేదు.

ఇంత చెప్పాక అవతలి అమ్మాయి అడిగింది, "సర్, మీ కంప్యూటర్ రీస్టార్ట్ చేశారా?"

చేశాను. గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేయమంది. చేశాను. ప్లగ్గు పీకేసి పవర్ బటన్ అరనిమిషం నొక్కి పట్టుకోమంది, పట్టుకున్నాను. ఫ్యాక్టరీ రీసెట్ కొట్టమంది. మెనూయే కనబడటం లేదమ్మా, ఎక్కడ కొట్టను అంటే, "వన్ మినిట్ సర్" అని మ్యూజిక్ పెట్టి వెళ్లిపోయింది. లైను కట్ అయింది. మళ్లీ చేస్తే ఇంకో అబ్బాయి ఎత్తాడు. పాత టికెట్ నంబరు చెప్పినా మొదటి నుంచి చెప్పమన్నాడు. చెప్పాను. మళ్లీ రీస్టార్ట్, మళ్లీ డ్రైవర్, మళ్లీ పవర్ బటన్. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఇదే పాట. తెలుగులో మాట్లాడేవాళ్లను ఇవ్వమంటే హిందీలో సమాధానం. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు, వాళ్ల ముందు పెట్టిన కాగితంలో ఉన్నదే వాళ్లు చదువుతారు. ఆ కాగితం రాసింది మీరు. టార్చ్ వేసి చూడమని అందులో ఒక్క ముక్క రాసి ఉంటే మొదటి రోజే తేలిపోయేది.

చివరికి టెక్నీషియన్ వస్తాడని మెసేజ్ వచ్చింది. అది మంచి ముహూర్తాల సీజన్. ఆ రోజు బయట పనులన్నీ మానుకుని పొద్దున్నుంచి రాత్రి షట్టర్ దించేదాకా కుర్చీలోంచి కదల్లేదు. ఎవరూ రాలేదు. రాత్రి మెసేజ్: కస్టమర్ అందుబాటులో లేరు. ఆరా తీస్తే తెలిసిందేమిటంటే, మీ వాళ్లు నా విజిట్ పాలకొండకు వేశారట. పాలకొండ ఎక్కడ, పాలకొల్లు ఎక్కడ! అది పార్వతీపురం మన్యం జిల్లా, మాది గోదావరి డెల్టా. పిన్ కోడ్ చూసినా తెలుస్తుంది, మాది 534తో మొదలవుతుంది, వాళ్లది 532తో. సరే, పొరపాటు అందరికీ జరుగుతుంది. సరిచేయమని అడిగితే, మీ ఏరియాకి ఇంటికొచ్చే సర్వీస్ లేదు, రాజమండ్రి తీసుకెళ్లి ఇవ్వండి అన్నారు. అమ్మేటప్పుడు మా ఏరియా మీకు బాగానే కనబడింది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఆ తర్వాత మాట. సూపర్‌వైజర్ అని ఒకాయన లైన్లోకి వచ్చి, మీది గోదావరి ప్రాంతం కదా, తేమ ఎక్కువ, లోపల మాయిశ్చర్ చేరి ఉంటుంది, అది వారంటీలోకి రాదు అన్నారు. మానిటర్ మూత తీయలేదు, మనిషిని పంపలేదు, ఫోన్లోనే తీర్పు చెప్పేశారు. తేమ వల్ల పోయిందని మీ టెక్నీషియన్ బోర్డు విప్పి తుప్పు చూపిస్తే ఒప్పుకుంటాను. ఒక పక్క వశిష్ఠ, ఇంకో పక్క కొల్లేరు, కింద సముద్రం. ఈ మధ్యలో బతికే మేమంతా మీ వస్తువులు కొనొద్దా? ఆ మాటేదో డబ్బా మీద రాసి అమ్మండి.

మర్నాడు ఫోన్‌కి మెసేజ్: మీ ఫిర్యాదు పరిష్కరించాం, మా సేవలకు రేటింగ్ ఇవ్వండి. ఆ మెసేజ్ నేను చదువుతుంటే ఎదురుగా ఒక పెళ్లికూతురి తండ్రి ప్రూఫ్ కోసం కూర్చుని ఉన్నారు. ఇంటిపేరులో దీర్ఘం పడిందో లేదో ఆయనకు స్క్రీన్ మీద చూపించలేక, ప్రతి దిద్దుబాటుకీ ప్రింటు తీసి చేతిలో పెట్టాల్సి వచ్చింది.

మా బజార్లో మెకానిక్ ఉన్నాడు. మూత తీస్తే గంటలో చెప్పేస్తాను అన్నాడు. కెపాసిటర్ ఉబ్బిందా, ఎల్ఈడీ స్ట్రిప్ పోయిందా అన్నది అతనికి రోజూ ఉండే పని. కానీ సీలు తీస్తే వారంటీ పోతుందని మీరే రాశారు. మీరు రారు, ఇంకొకర్ని ముట్టుకోనివ్వరు. నేనేం చేయాలి?

వెనక్కి మూరెడు పొడుచుకొచ్చే గాజు మానిటర్ల కాలం నుంచి నేను మీ కంపెనీ సరుకే వాడుతున్నాను. మా బావమరిది నరసాపురంలో నెట్ సెంటర్ పెడితే అన్నీ మీవే కొనిపించాను. మా వీధి స్కూలు వాళ్లకీ మీ పేరే చెప్పాను. ఇప్పుడు వాళ్లు నన్ను అడుగుతున్నారు. భీమవరం, తణుకు, నరసాపురం డీటీపీ వాళ్లందరం ఒకరికొకరం తెలిసినవాళ్లమే. ఏం జరిగిందో జరిగినట్టు చెబుతాను.

ఇంకో మాట. షాపులో వాడుతున్నారు కాబట్టి మీరు వినియోగదారుడి కిందికి రారు అని మీ వాళ్లు ఒకసారి అన్నారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం చదువుకున్నాను. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి మాత్రమే వాడుకునే వస్తువు వాణిజ్య అవసరం కిందికి రాదని అందులో స్పష్టంగా ఉంది. మీ హెడ్డాఫీసు ఉన్న ఊరికి నేను రానక్కర్లేదు, నేనుండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు విలువకు ఫీజు కూడా లేదు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, తర్వాత కమిషన్‌కి వెళ్తాను. అప్పుడు మానిటర్ ఒక్కటే కాదు, సీజన్లో పోయిన పనికీ, పడ్డ టెన్షన్‌కీ కూడా పరిహారం అడుగుతాను.

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో మీ మనిషి పాలకొల్లు వచ్చి, నా ముందు మూత తీసి, రిపేరు చేయాలి. కుదరకపోతే వేరే మానిటర్ ఇవ్వాలి. మూసేసిన ఫిర్యాదును తెరిచి, అది పరిష్కారం కాలేదని మీ రికార్డులో రాయాలి. జవాబు తెలుగులో, కాగితం మీద, ఒక మనిషి సంతకంతో పంపండి.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
డీటీపీ సెంటర్, పాలకొల్లు.

జతపరిచినవి: బిల్లు జిరాక్సు, మీరు పంపిన మెసేజ్‌ల ప్రింట్లు, టార్చ్ వెలుతురులో తీసిన వీడియో ఉన్న పెన్‌డ్రైవ్.