మా మామయ్యగారూ, గ్యాస్ గీజరూ

ఒరేయ్ శీనూ,

దసరాకు రాయాల్సిన జవాబు సంక్రాంతికి రాస్తున్నాను. తిట్లన్నీ దాచిపెట్టు, కలిసినప్పుడు వింటాను. అమ్మ మోకాలు కాస్త నయం, పాపకు పరీక్షలు. మదనపల్లె చలికి అత్తయ్యగారూ మామయ్యగారూ వచ్చి వణుకుతుంటే గ్యాస్ గీజర్ కొన్నాం. ఇదే అసలు కథ. నవ్వకు, బకెట్ మహర్షీ!

బిగించడానికి వచ్చినతను నేరుగా స్నానాల గదిలోకి వెళ్లి డ్రిల్లు తీశాడు. ఆ గది నీకు తెలుసు కదా, నువ్వు లోపలుంటే సబ్బుకు చోటుండదు. ఉన్న ఒక్క వెంటిలేటరుకూ మామయ్యగారు అట్ట అడ్డం పెట్టారు. గీజర్ ఇక్కడ వద్దంటే "అందరూ ఇక్కడే పెట్టించుకుంటారు సార్" అన్నాడు అతను. మామయ్యగారు అటే మొగ్గారు: "లీకైతే వాసన రాదా, అల్లుడుగారూ?"

ఒళ్లు మండిపోయింది. సిలిండరు గ్యాసుకు వాసన వచ్చేది అందులో కలిపే మెర్‌క్యాప్టన్ అనే ఘాటు వాసన రసాయనం వల్ల. గాలి చాలక మంట సరిగా మండనప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను, ఆ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, ఆ తర్వాత గడియ తీయడానికి కూడా చెయ్యి లేవదు. "అయితే ఎగ్జాస్ట్ ఫ్యాను పెడతా" అన్నాడు. అన్నీ మూసిన గదిలో ఫ్యాను తిప్పితే పైకి పోవాల్సిన పొగే వెనక్కి వస్తుందని వాదించాను. అత్తయ్యగారు కాఫీ ఇస్తూ "పెళ్లిచూపుల్లో నోరు తెరవని అబ్బాయి!" అన్నారు.

చివరికి పెరటి వైపు బయటి గోడకు, కిటికీలకు దూరంగా, రేకు నీడన బిగించాడు. వేడినీళ్ల పైపు ఒక్కటే లోపలికి. సిలిండరు కూడా బయటే, గట్టు మీద నిలబెట్టించాను. ఆ గ్యాసు గాలి కంటే బరువు కదా, గుంటల్లో చేరుతుంది. అతను తెచ్చిన పాత గొట్టం వెనక్కిచ్చి ఐఎస్ఐ గుర్తున్నది తెప్పించాను. జాయింట్లకు సబ్బు నురగ పూసి బుడగలు వస్తాయేమో చూస్తుంటే, మామయ్యగారు సాయం చేస్తానని అగ్గిపెట్టె తెచ్చారు! ఎలా లాక్కున్నానో నాకే తెలియదు.

అన్నట్టు, మీ గీజర్ అద్దం పక్కనే ఉందని రాశావు. అప్పటినుంచీ నిద్ర సరిగా లేదు నాకు. బయటికి మార్పించరా, దయచేసి. ఈలోపు తలుపు బార్లా తీసి బకెట్లు నింపుకుని, గీజర్ ఆపి, గదికి కాసేపు గాలి తగిలాకే స్నానానికి వెళ్లండి. చెల్లెమ్మకూ చెప్పు. మంట నీలంగా కాకుండా పసుపుగా కనిపిస్తే అసలు వెలిగించనే...

ఉండు, మామయ్యగారు కేకలేస్తున్నారు. గీజర్ వెలగడం లేదట. వెలగదు మరి, అందులోని బ్యాటరీలు ఆయన టార్చిలైటులో ఉన్నాయి. మిగతాది

నీ
రాజు