ఆ ఫొటో అబద్ధమా?

సంపాదకులకు నమస్కారం.

బడుల్లో తప్పుడు వార్తలపై అవగాహన సదస్సు అంటే ఏటా ఒకటే తంతు. ఎవరో అధికారి వస్తారు, వాట్సాప్‌లో వచ్చిందల్లా నమ్మొద్దంటారు, పిల్లలచేత ప్రతిజ్ఞ చేయించి వెళ్తారు. 2019 ఎన్నికలప్పుడు బిహార్‌లో పరిశోధకులు ఇంతకంటే శ్రద్ధగానే, కొందరి ఇళ్లకు వెళ్లి గంటసేపు కూర్చోబెట్టి మెలకువలు నేర్పారు. అయినా, మొత్తమ్మీద చూస్తే, అబద్ధాన్ని పసిగట్టడంలో నేర్చుకున్నవాళ్లకూ మిగతావాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మనవాళ్ల ప్రతిజ్ఞతో వస్తుందా?

బ్రిటన్‌లో మీడియా పాఠాల గురించి రాసిన లెన్ మాస్టర్‌మన్ 1980లలోనే మరో దారి చూపారు. పిల్లల్ని మీడియా నుంచి కాపాడటం కాదు పాఠం; వార్త దానంతటది పుట్టదని, ఎవరో ఎంచి కూరుస్తారని తెలియాలి. ఆ కూర్పు విప్పి చూడాలి. మా బీఈడీలో ఈ ఊసే లేదు లెండి.

మా ఊరి నీళ్ల గొడవ రెండు పత్రికల జిల్లా పేజీల్లో వచ్చినరోజు రెంటినీ తొమ్మిదో తరగతి బోర్డుకు అంటించాను. ఒకదాంట్లో ‘తాగునీటికి కటకట’, కింద రోడ్డుమీద ఖాళీ బిందెలతో ఆడవాళ్లు. రెండోదాంట్లో ‘త్వరలో పైపులైను మరమ్మతులు’, వాల్వు దగ్గర వంగి చూస్తున్న అధికారి. వెనక బెంచీ పిల్ల లేచి, ‘‘ఆ మూడో ఆమె మా అమ్మే సార్. అప్పటికే ఇంటికెళ్లిపోతుంటే ఫొటో కోసం మళ్లీ నిలబెట్టారంట’’ అంది. క్లాసంతా గొల్లుమంది. ‘‘అయితే అంతా అబద్ధమే కదా సార్!’’ అన్నాడొకడు. ‘‘మరి నల్లాలో నీళ్లొచ్చాయా?’’ అన్నాను. రాలేదు. ఫొటో నిలబెట్టి తీసిందే, కరువు మాత్రం నిజం. ఈ తేడా దగ్గరే పీరియడంతా గడిచింది. సిలబస్ వెనకబడిందని హెడ్మాస్టరుగారు గుర్తుచేశారనుకోండి.

ఫోన్‌లో వచ్చేవాటికి ఇదొక్కటే సరిపోదు. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు గమనించినదేమంటే, పీహెచ్‌డీలున్న చరిత్రకారులు కూడా వెబ్‌సైటు దర్జా చూసి తరచూ బోల్తాపడ్డారు. నిజనిర్ధారణ చేసేవాళ్లు మాత్రం ఆ పేజీలో కూర్చోకుండా, దాని వెనక ఎవరున్నారో వేరే చోట్ల వెతికారు. ‘జాగ్రత్తగా చదవండి’ అని పిల్లలకు చెప్పే మనం ఇది గమనించాలి. బడిలో ఇంటర్నెట్ ఉంటే చేయించి చూపేవాణ్ని.

మీకో విన్నపం. అమ్ముడుపోని కాపీలు వారానికో కట్ట దగ్గర్లోని సర్కారు బడికి ఇప్పించండి, పాతవైనా ఫర్వాలేదు. డెస్క్‌లో శీర్షికలు పెట్టేవారిని ఒక పూట పంపండి. పిల్లల దగ్గర ప్రశ్నలు సిద్ధంగా ఉన్నాయి, కొన్ని మీ పత్రిక మీదే.

– ఒక సోషల్ టీచర్, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, నాగర్‌కర్నూలు జిల్లా